మూడు కిక్కుల్లో స్టార్ట్ కావాలి

నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్ని వెల్డింగులు పెట్టానో లెక్కలేదు. వాటిలోకెల్లా గట్టిది, చూడ్డానికి కూడా ముచ్చటగా కుదిరినది, అసలు పెట్టకూడనిది ఒకటుంది. దాని గురించి మా ఇంట్లో పిల్లలకి ఇన్నాళ్లూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరబోతున్న మనవడు మొన్న నన్ను, "తాతా, నువ్వు డ్యూటీలో ఎప్పుడైనా గల్తీ చేశావా?" అని అడిగాడు. లేదని చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఆ నర్సమ్మ మొహం గుర్తొచ్చింది. ఇక అబద్ధం ఆడటం నావల్ల కాలేదు.

డెబ్బైల చివర సంగతి. జంషెడ్‌పూర్‌లో ఒక కంపెనీ రవాణా షెడ్డులో నేను మెకానిక్‌ని. షెడ్డు గోల్‌మురికి కొంచెం అవతల ఉండేది. జీపులు, అంబులెన్సు, నీళ్ల ట్యాంకరు, అయిదారు మోటారు సైకిళ్లు మా చేతిలో ఉండేవి. నా వయసు ఇరవై ఆరు. చేతిలో పనుంది, తలలో పొగరుంది. ఆ రెండోదాన్ని అదుపులో పెట్టడానికే పుట్టినట్టు మాకొక హెడ్ మిస్త్రీ ఉండేవాడు. టెక్కలి దగ్గర మనిషి, నాకు వరసకు మావయ్య. నా పనిని ఎప్పుడూ మెచ్చుకోలేదు. తిట్టకుండా పక్కకి తప్పుకున్నాడంటే మెచ్చుకున్నట్టు లెక్క.

ఇక నర్సమ్మ. కంపెనీ ఆసుపత్రి తరఫున ఇళ్లకు వెళ్లి పురుళ్లు పోసే ఆవిడ. అప్పటికి నలభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, కొంచెం లావు, తెల్ల చీర, నల్ల సంచీ. మా టెక్కలి వైపు నుంచి వచ్చిన కూలీల ఇళ్లలో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లోనే తొలిసారి ఏడ్చారు. మొదట్లో రిక్షా మీద తిరిగేది. రిక్షావాడు నిద్ర లేచి, బీడీ కాల్చుకుని, బయల్దేరేసరికి పిల్లలు పుట్టి పాలు కూడా తాగేసేవారని చెప్పి నవ్వేది. ఆ రోజుల్లో మలేరియా ఇన్‌స్పెక్టరు రిటైరయితే, ఆయన వాడిన చిన్న మోటారు సైకిలు షెడ్డులో ఖాళీగా పడింది. అది నాకివ్వండని ఆవిడ అర్జీ పెట్టింది. ఆఫీసులో నవ్వారు. నెల రోజులు సాయంత్రం పూట ఫుట్‌బాల్ మైదానంలో పడుతూ లేస్తూ నేర్చుకుని, ఒక రోజు నేరుగా ఆఫీసు వరండా ముందుకే నడుపుకొచ్చి ఆపింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని, సంచీ హ్యాండిల్‌కి తగిలించి, ఆవిడ గోల్‌మురి మార్కెట్లోంచి వెళ్తుంటే కూరగాయల వాళ్లు తమంతట తామే బుట్టలు వెనక్కి లాక్కునేవాళ్లు.

ఆ బండి అప్పటికే ముసలిది. ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. సాక్చీ బజారు దుకాణాల్లో దాని సామాను అడిగితే, ఏ కాలం నుంచి వచ్చావన్నట్టు చూసేవాళ్లు. ఆ యేడు వానాకాలం మొదట్లో దాని కిక్కు జారడం మొదలుపెట్టింది. తొక్కితే కాలు దిగిపోతుంది, ఇంజను తిరగదు.

బొటనవేలితో మీట నొక్కి బండి స్టార్ట్ చేసేవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. కిక్కు కడ్డీ బయట ఉంటుంది. అది ఒక ఇరుసు మీద పళ్లతో బిగుసుకుని ఉంటుంది. ఆ ఇరుసు ఇంజను లోపలికి వెళ్తుంది. అక్కడ రాచెట్ అని ఒక పళ్ల బిళ్ల ఉంటుంది. తొక్కినప్పుడు పట్టుకోవడం, వదిలినప్పుడు జారడం దాని పని. సైకిలు వెనక చక్రంలో ఉండే ఫ్రీవీల్ లాంటిదే. కాబట్టి కిక్కు జారిందంటే బయట పళ్లైనా అరిగుండాలి, లోపల రాచెట్ అయినా అరిగుండాలి. తేల్చుకోవాలంటే కడ్డీ ఊడదీసి, ఇంజను పక్క మూత విప్పి లోపల చూడాలి. సగం పూట పని.

అప్పుడు మిస్త్రీ సెలవు మీద ఊరెళ్లాడు. వెళ్తూ, నర్సమ్మ బండికి తాను వచ్చేదాకా చెయ్యి పెట్టొద్దని నాకు చెప్పి మరీ వెళ్లాడు. అలా చెప్పకుండా ఉంటే బహుశా పెట్టకపోయేవాణ్ణేమో.

నర్సమ్మ వచ్చి కూర్చుంది. బయట పళ్లు చూశాను. అరిగి నున్నగా ఉన్నాయి. జబ్బు దొరికిందనుకున్నాను. లోపల చూడనే లేదు. కడ్డీని ఇరుసుకు పెట్టి చుట్టూ వెల్డింగు కొట్టేశాను. పావుగంట పని. ఆకురాయితో నున్నగా రుద్ది రంగు కూడా వేశాను. తొక్కి చూస్తే తుపాకీలా స్టార్టయింది.

"ఏటి నాన, అయిపోనాదా అప్పుడే?" అంది ఆవిడ.

"ఐపోనాదమ్మా. ఇంక నువ్వు రిటైరయినా ఈ కిక్కు రిటైరవదు," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

పన్నెండు రోజులు బాగానే నడిచింది. పదమూడో రోజు పొద్దున్న ఆవిడ టెల్కో కాలనీ వెనక బస్తీలో పిల్లలకు టీకాలు వేస్తుంటే, గోల్‌మురి క్వార్టర్ల నుంచి ఒకతను సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. భార్యకి నొప్పులు మొదలయ్యాయి, తొలికాన్పు. నర్సమ్మ సంచీ తగిలించి కిక్కు కొట్టింది. కాలు నేలదాకా దిగిపోయింది. మళ్లీ కొట్టింది, మళ్లీ దిగింది. బయట నా వెల్డింగు చెక్కుచెదరలేదు. లోపల రాచెట్ చచ్చిపోయింది. బస్తీవాళ్లు నలుగురు వెనక నుంచి తోశారు. వాన కురిసి సందు అంతా బురద, చక్రం జారుతోందే తప్ప ఇంజను పట్టుకోవడం లేదు. తోసుకుంటూ తోసుకుంటూ తారు రోడ్డు మీదికి తీసుకొచ్చాకగానీ అది రాజుకోలేదు. అరగంట పైనే పోయింది. ఆవిడ వెళ్లేసరికి పక్కింటి ముసలమ్మ చేతుల్లో బిడ్డ ఉంది.

ఇదంతా ఆవిడ మధ్యాహ్నం షెడ్డుకి వచ్చి, మోకాళ్లదాకా బురదతో స్టూలు మీద కూర్చుని, నాకు వివరంగా చెప్పింది. ఇంజను ఆపకుండా వచ్చింది, ఆపితే మళ్లీ తోసేవాళ్లెవరని. గొంతు పెంచలేదు. నేను తిట్లకోసం ఎదురుచూస్తున్నాను. తిడితే కొంచెం తేలికపడేవాణ్ణి.

"తల్లి బాగుంది. పిల్ల బాగుంది," అంది చివర. "ఆ ముసిల్ది ఉండబట్టి బాగున్నారు. నువ్వు లోపల సూసినావా నాన, ఆ రోజు?"

"నేదమ్మా."

"మరి సూసినట్టు సెప్పినావేటి?"

ఆవిడ లేచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ తెల్ల చీర అంచు నుంచి షెడ్డు గేటు దాకా బురద చుక్కలు పడ్డాయి. ఆ రోజు షెడ్డు నేను ఊడ్వలేదు, ఊడ్చే మనిషిని కూడా ఊడ్వనివ్వలేదు. ఎందుకో నాకే తెలియదు.

మూడో రోజు మిస్త్రీ ఊరి నుంచి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"ఇదేట్రా?" అన్నాడు.

"వెల్డింగు మావయ్యా."

"వెల్డింగని నాకూ తెలుసు. మూత ఎలగ తీత్తావు?"

అప్పుడు వెలిగింది నాకు. మూత బయటికి రావాలంటే ముందు కడ్డీ ఊడాలి. కడ్డీ ఊడకుండా వెల్డింగు పెట్టిందే నేను. లోపలి జబ్బుకి మందు వేయాలంటే దారి లేదు.

"ఇంజనుకి తాళమేసి తాళంచెవి మింగీసినావు. ఇప్పుడు కడుపు కొయ్యాల," అన్నాడు. ఎవరి కడుపో చెప్పలేదు. రంపం నా చేతికిచ్చి తాను పక్కన కూర్చున్నాడు. ఆ వెల్డింగు కోయడానికి నాకు రోజంతా పట్టింది. అంత గట్టిగా పెట్టానన్న మాట. కోసేటప్పుడు ఇరుసు కూడా దెబ్బతింది. మూత తీసి చూస్తే లోపల రాచెట్ పళ్లు ముసలివాడి చిగుళ్లలా ఉన్నాయి. ఇరుసు, రాచెట్ రెండూ కావాలి. ఆ రెండూ ఊళ్లో దొరకవు.

ఇంతలో ఇంకో చిక్కు. బండి ఆగిపోయి పురుడుకి ఆలస్యమైందని ఆసుపత్రి నుంచి రవాణా విభాగానికి కాగితం వచ్చింది. మా ఆఫీసరుగారు విజయవాడ వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. చాలా పద్ధతి మనిషి. పాత వాహనాలన్నీ నెలాఖరున తన ముందు స్టార్ట్ చేసి చూపించాలని ఆయన అప్పుడే ఒక నియమం పెట్టారు. మోటారు సైకిలైతే మూడు కిక్కుల్లో స్టార్ట్ కావాలి. తోయడం ఒప్పుకోరు. కాకపోతే కండెమ్, అంటే తుక్కుకి. ఆ జాబితాలో నర్సమ్మ బండి చేరింది. దాని బదులు కొత్త బండి వస్తుందా అని అడిగితే, ఆడమనిషికి మళ్లీ మోటారు సైకిలు ఎవరిస్తారయ్యా, రిక్షాయే అని గుమాస్తా చెప్పాడు.

మిగిలింది తొమ్మిది రోజులు. సాక్చీలో తుక్కు కొట్లన్నీ తిరిగాను. ఒక కొట్లో పైభాగం కోసేసిన ఆ మోడల్ పెట్రోలు ట్యాంకు దొరికింది, అందులో కోడి గుడ్లు పొదుగుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

అయిదో రోజు మిస్త్రీ టీ తాగుతూ నింపాదిగా అన్నాడు. ఈ ఊళ్లో ఇలాంటి బండి ఇంకొక్కటే ఉందట. దాని కిక్కు వెన్నలా దిగుతుందట, తానే ఒకప్పుడు సర్వీసు చేశాడట. ఎవరిదని అడిగాను.

"ఆఫీసరుది," అన్నాడు.

ఆ కథ షెడ్డులో పాతవాళ్లకి తెలుసు. ఆఫీసరుగారు కుర్రతనంలో కొనుక్కున్న బండి అది. ప్రతి ఆదివారం డిమ్నా చెరువు వైపు షికారు వెళ్లేవారు. ఒకసారి మేక అడ్డొచ్చి పడిపోయారు, భుజం ఎముక విరిగింది. నెలన్నర పాటు భార్య అన్నం కలిపి తినిపించింది. ఆ నెలన్నరలో ఆవిడ ఆయన దగ్గర మాట తీసుకుంది. తాను సరే అనేదాకా ఆయన కాలు ఆ బండి కిక్కు మీద పడకూడదు. అప్పటినుంచి బండి కద్మాలో వాళ్ల ఇంటి పక్క రేకుల గదిలో ఉంది. ఆదివారం ఆదివారం ఆయన దాన్ని తుడిచి, కాసేపు ఎక్కి కూర్చుని, దిగిపోతారట.

ఈ సంగతి నర్సమ్మకి చెప్పాము. ఆవిడ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. ఆఫీసరుగారి తల్లికి వారానికోసారి ఇంజక్షన్ ఇవ్వడానికి ఆవిడ ఆ ఇంటికి వెళ్తూనే ఉంటుంది.

"రేపు నా పనుంది అక్కడ. మీరు సామాన్లట్టుకుని రండి. ఆయమ్మతో నేను మాటాడతాను," అంది.

మర్నాడు ఆఫీసరుగారు ఆఫీసులో ఉన్న వేళ, మేమిద్దరం సంచీతో కద్మా చేరాము. నర్సమ్మ లోపల పెద్దావిడకి ఇంజక్షన్ ఇచ్చి, వంటింట్లో ఇంటావిడతో మాట్లాడుతోంది. నేను గుమ్మం బయట దోషిలా నిలబడ్డాను. నర్సమ్మ ఏమీ దాచలేదు. బురద సంగతి, పక్కింటి ముసలమ్మ సంగతి, వెల్డింగు సంగతి, ఆ వెల్డింగు పెట్టింది ఎవరో కూడా చెప్పింది. ఇంటావిడ బయటికి వచ్చి నన్ను పైకీ కిందికీ చూసింది. రేకుల గది తాళంచెవి కొంగు ముడిలోంచి తీసింది.

"మీకేం కావాలో తీసుకోండి. ఆయన మాట మీద నిలబడే మనిషే. కానీ మాట ఎప్పుడైనా వెనక్కి అడగొచ్చుగా? లోపల సామానే లేకపోతే నాకూ నిశ్చింత," అంది.

ఇది దొంగతనం కాదా అని మిస్త్రీ చెవిలో అడిగాను. ఇంటి ఇల్లాలు తాళం తీసిచ్చాక దొంగతనమేటి అన్నాడు. ఆ మాట అంటూనే రెండుసార్లు వీధి వైపు చూశాడు. గంటన్నరలో మంచి ఇరుసు, రాచెట్, కడ్డీ మా సంచీలోకి వచ్చాయి. విప్పిన ఇంజను తెరిచి వదిలితే పాపమని మిస్త్రీ నమ్మకం. అందుకని మా బండి చచ్చిన రాచెట్‌ని, కోతలు పడ్డ ఇరుసుని అందులో పెట్టి, మా పాత కడ్డీని రేకు ముక్క దూర్చి నిలబెట్టి, మూత బిగించాడు. పైకి చూస్తే ఏమీ జరగనట్టే ఉంది.

నెలాఖరు వచ్చింది. షెడ్డు ముందు వాహనాలు వరసగా నిలబెట్టాము. పరీక్ష సంగతి తెలిసి చుట్టుపక్కల వాళ్లు గేటు దగ్గర మూగారు. చంకల్లో పిల్లలతో వచ్చిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఆఫీసరుగారు ఫైలు పట్టుకున్న గుమాస్తాతో వచ్చారు. ఒక జీపు నెగ్గింది, ఒకటి తుక్కుకి పోయింది. నర్సమ్మ బండి దగ్గరకి వచ్చేసరికి ఆయన ఆగారు. దాని ట్యాంకు మీద చెయ్యి వేశారు. నేను తొక్కబోతుంటే వద్దన్నారు.

"నేనే చూస్తాను," అన్నారు.

పంట్లాం అంచు మేజోడులో దోపుకుని, ఎడం కాలు నేల మీద ఆనించి, కుడికాలితో తొక్కారు. కిక్కు గట్టిగా పట్టుకుంది, ఇంజను తిరిగింది, స్టార్ట్ కాలేదు. గుమాస్తా ఒకటి అని పైకే లెక్కపెట్టాడు. రెండోసారి తొక్కారు. పట్టుకుంది, తిరిగింది, రాజుకోలేదు. గుమాస్తా రెండు అన్నాడు. మిస్త్రీ నా వైపు చూశాడు. ఏం మరిచిపోయానా అని ఇంజను మొత్తం మనసులో విప్పి మళ్లీ బిగిస్తున్నాను.

అప్పుడు నర్సమ్మ జనంలోంచి నిమ్మళంగా నడుచుకుంటూ వచ్చింది. ఆఫీసరుగారి మోకాలి పక్కన వంగి, ట్యాంకు కింద పెట్రోలు వదిలే కాక్ తిప్పింది.

"పాలు పట్టకుండా ఏడవమంటే ఏ గుంట ఏడుత్తాది బాబూ? ఇప్పుడు తొక్కండి," అంది.

కాక్ తెరవడం మరిచిపోయిన ఘనుణ్ణి నేనే. మూడో కిక్కుకి బండి అందుకుంది.

అక్కడితో అయిపోవలసింది. ఆఫీసరుగారు యాక్సిలరేటరు మీద చెయ్యి ఉంచి, తల కొంచెం వంచి, ఆ చప్పుడు వింటూ నిలబడిపోయారు. తర్వాత ఎక్కి కూర్చున్నారు. షెడ్డు ముందు ఒక చుట్టు కొట్టారు. రెండో చుట్టులో గేటు దగ్గర జనం పక్కకి తప్పుకోగానే బయటికి వెళ్లిపోయారు. గుమాస్తా ఫైలు పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి ఆగాడు. అయిదు నిమిషాలైంది, పది అయింది, ఇరవై అయింది. నర్సమ్మ స్టూలు తెప్పించుకుని కూర్చుంది. ఇంతకీ నా బండి తిరిగొత్తాదా రాదా అని అడిగింది.

వచ్చారు. జుట్టంతా చెదిరిపోయింది. ఆ మనిషి మొహంలో నవ్వు మేము అంతకుముందు చూడలేదు. ఫైలు తీసుకుని "సర్వీసుకు యోగ్యం" అని రాసి సంతకం పెట్టారు. గేటు దగ్గర ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మిస్త్రీ నా పక్కనుంచి తిట్టకుండా తప్పుకున్నాడు.

ఆఫీసరుగారు వెళ్తూ వెళ్తూ మా వైపు తిరిగారు. సరిగ్గా ఇలాంటి బండే తన దగ్గరా ఉందని, దాని కిక్కు కూడా అచ్చం ఇలాగే ఉండేదని, ఈ ఆదివారం దాన్ని స్టార్ట్ చేస్తానని ఉత్సాహంగా చెప్పారు. మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాము.

ఆదివారం పొద్దున్న వాళ్ల డ్రైవరు మా ఇంటికి వచ్చాడు, ఆఫీసరుగారు రమ్మంటున్నారని. మిస్త్రీ ఇంటికి వెళ్తే ఒంట్లో బాగోలేదని పడుకున్నాడట. కాబట్టి ఒక్కణ్ణే వెళ్లాను.

ఆయన రేకుల గదిలో బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. జరిగింది ఆయనే చెప్పారు. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర భార్యని అనుమతి అడిగారట. ఆవిడ పోట్లాడుతుందనుకుంటే, "మీ ఇష్టమండీ, మీ సరదా నేనెందుకు కాదనాలి," అందట. అంత సులభంగా ఒప్పుకున్నందుకు ఆయనకి రాత్రంతా నిద్ర పట్టలేదట. పొద్దున్నే వచ్చి తొక్కితే కాలు నేలదాకా దిగిపోయింది.

"ఏమైందో చూడవయ్యా. తొక్కకుండా ఉంచితే ఇలా అవుతుందా?" అన్నారు.

వంటింటి గుమ్మంలో ఇంటావిడ కాఫీ గ్లాసుతో నిలబడి నా వైపే చూస్తోంది. బండి పాతబడిపోయింది సార్, సామాను దొరకదు అని ఒక్క ముక్క చెబితే చాలు. అందరూ క్షేమంగా బయటపడతాం. ఆ ముక్క నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ నా ముందు ఇంజను ఉంది, మూత బిగించి ఉంది, లోపల ఏముందో చెప్పమంటున్నారు. ఇలాగే ఒకసారి చూడకుండా చూసినట్టు చెప్పాను. ఇప్పుడు చూసి చూడనట్టు చెప్పాలి. రెండోసారి నాకు చేతకాలేదు.

"సార్, ఇందులో కిక్కు సామాను లేదండి. నేనే తీసేశాను. మొన్న మీరు తొక్కింది ఆ కిక్కేనండి," అన్నాను.

ఆయన లేవలేదు. చేతిలో గుడ్డ అలాగే ఉంది. నేను మొదటి నుంచి చెప్పాను, నా వెల్డింగు నుంచి. మిస్త్రీ పేరు ఎత్తలేదు, నర్సమ్మ పేరు ఎత్తలేదు, గదిలోకి ఎలా వచ్చానో చెప్పలేదు.

అంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "ఈ గది తాళం పగలగొట్టావా?"

"లేదండి."

"మరి?"

వెనక నుంచి గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"అతన్నేం అడుగుతారు? తాళం తీసింది నేనే," అంది ఇంటావిడ.

"నిన్న రాత్రి సరేనన్నది కూడా నువ్వే."

"అన్నాను. అది కదలదని తెలుసు కాబట్టే అన్నాను."

ఆయన ఆవిడని, బండిని, నన్ను వరసగా చూశారు. ఆ క్షణంలో నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. వరండాలో కూర్చున్న పెద్దావిడ వినిపించక, ఏమిట్రా ఏమిట్రా అని అడుగుతోంది. చివరికి ఆయన గుడ్డని ట్యాంకు మీద పెట్టారు. రిపోర్టు రాస్తే, తన సొంత సామానుతో నడిచిన బండికి తానే యోగ్యమని సంతకం పెట్టానని కూడా రాయాలి కదా అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఆ నర్సమ్మ దగ్గర్నుంచి వెనక్కి తీసుకునే మొహం తనకు లేదని కూడా అన్నారు. తర్వాత నాకు శిక్ష వేశారు. ప్రతి ఆదివారం నేను వచ్చి, ఆ రాచెట్, ఇరుసు చేత్తో తయారు చేయాలి. కిక్కు పట్టేదాకా వస్తూనే ఉండాలి.

పది ఆదివారాలు వెళ్లాను. ఒక్కొక్క పన్నూ ఆకురాయితో తీర్చడం, కొలవడం, పారేయడం, మళ్లీ మొదలుపెట్టడం. ఆయన పక్కన కూర్చుని కొలతలు చదివేవారు, ఆకురాళ్లు అందించేవారు. నేను "అయిపోయింది సార్" అంటే, "లోపల చూశావా?" అనేవారు. ఈ ఉద్యోగంలో నాకు వచ్చిన పనిలో సగం ఆ రేకుల గదిలో నేర్చుకున్నదే. మూడో ఆదివారానికి మిస్త్రీకి ఒంట్లో బాగై తానూ రావడం మొదలుపెట్టాడు, తప్పులు పట్టడానికి. నాలుగో ప్రయత్నంలో కుదిరిన రాచెట్‌ని కంపెనీ టూల్ రూములో తెలిసినతను కాల్చి గట్టిపరిచి ఇచ్చాడు. అతని ముగ్గురు పిల్లలూ నర్సమ్మ చేతి పురుళ్లే. ఎందుకు, ఎవరికి అని కూడా అడగలేదు.

నర్సమ్మ బండి ఆవిడ రిటైరయ్యేదాకా నడిచింది. దానికి నేనే సర్వీసు చేసేవాణ్ణి. పని అయిపోయిందని చెబితే ఆవిడ ఎప్పుడూ నమ్మేది కాదు. మూత తీసి చూపించమనేది. చూసి ఆవిడకేం అర్థమయ్యేదో తెలియదు. చూపించేవాణ్ణి.

పదో ఆదివారం ఆఫీసరుగారి బండికి మూత బిగించాను. ఆయన తొక్కారు. మొదటి కిక్కుకే అందుకుంది. రేకుల గదంతా పొగ. ఆయన దాన్ని వాకిట్లోకి తీసుకొచ్చి ఎక్కి కూర్చుని, గేటు దాటబోతూ ఆగి, గుమ్మం వైపు చూశారు. ఈసారి నిజంగా అనుమతి అడుగుతున్నారని నాకు కూడా తెలిసిపోయింది.

ఇంటావిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. వద్దంటుందనుకున్నాను. మెట్లు దిగి, చెప్పులు వేసుకుని, కొంగు నడుముకి చుట్టి బిగించి, వెనక సీటు మీద ఒక పక్కకి ఎక్కి కూర్చుంది.

"పదండి. మేక వస్తే నేను చెబుతాను," అంది.

ఆయన గేరు వేశారు. బండి కద్మా రోడ్డు మలుపు తిరిగి, డిమ్నా వైపు వెళ్లిపోయింది. నేను ఆకురాళ్లు సంచీలో సర్దుకుంటూ ఉంటే వరండాలోంచి పెద్దావిడ పిలిచింది. వీళ్లెక్కడికి పోయారు బాబూ అని అడిగింది. షికారుకండీ అని గట్టిగా చెప్పాను. ఎప్పుడొస్తారు అంది. తెలీదండీ అన్నాను. అయితే కాస్త లోపలికెళ్లి చూడు నాయనా, పొయ్యి మీద పాలు పెట్టి పోయినట్టుంది, అంది.

చేతులకి గ్రీజు అలాగే ఉంది. చొక్కా అంచుతో గిన్నె పట్టుకుని, పాలు నేనే దించాను.